వెనక సీటులో పెద్దమనిషి

తాళం తీసి తలుపు తోయగానే పచ్చి రంగు వాసన గుప్పుమంది. నిజామాబాద్‌లో కొత్తగా వెలసిన కాలనీలో ఇల్లు అది. దసరాలోపు బేరం తెగాలని యజమాని హడావుడిగా రంగులు వేయించాడు. కొనడానికి వచ్చిన భార్యాభర్తలు హాలు బాగుందని, వంటగదికి గాలి వస్తుందని మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది. పండుగ ముందు తడి ఆరని గోడల వాసన తగిలితే చాలు, నాకు పద్మక్క గుర్తుకొస్తుంది. ఆమె వెంటే, ఆమె దగ్గర పనిచేసిన నేను కూడా గుర్తుకొస్తాను. అప్పటి నన్ను తలుచుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.

ఇళ్లు అమ్మడం నాకు నేర్పింది పద్మక్క. చిన్నతనంలో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టింది. పెళ్లయ్యాక వాడకట్టులో ఎవరికి కిరాయి ఇల్లు కావాలన్నా ఆమెనే అడిగేవారు. అడిగినవాళ్లందరికీ వెతికి పెట్టీ పెట్టీ, చివరికి బోధన్ రోడ్డులో ఒక చిన్న గది తీసుకుని ఆఫీసు అని బోర్డు పెట్టింది. నేను చేరిన కొత్తలో ఒక ఇల్లు చూపిస్తూ, వచ్చినవాళ్లకు ఊపిరి ఆడనివ్వకుండా మాట్లాడాను. పడకగదిలో చెమ్మ పట్టిన గోడకు అడ్డంగా నిలబడి మరీ మాట్లాడాను. వాళ్లు వెళ్లాక ఆమె చాయ్ తాగుతూ, "తమ్మీ, నువ్వు ఇల్లు సూపిస్తున్నవా, దాస్తున్నవా?" అంది. ఆ సాయంత్రమే వాళ్లకు ఫోన్ చేసి చెమ్మ సంగతి తానే చెప్పింది. ఆ బేరం పోయింది. నేను ఇంటికెళ్లి ఆమెను తిట్టుకున్నాను.

మా పనిలో దసరా ముందు రోజులు మనిషిని నమిలేస్తాయి. బతుకమ్మ మొదలవడానికి ముందు పక్షాలు వస్తాయి, చనిపోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజులు. అప్పుడు ఎవరూ బేరానికి బయానా ఇవ్వరు, కొత్త ఇల్లు మాట కూడా ఎత్తరు. ఆ పక్షాలు పెత్రమాస అమావాస్యతో ముగుస్తాయి. మర్నాటి నుంచి అందరికీ ఒకేసారి తొందర. దసరా నాడే పాలు పొంగించాలి, దసరా నాడే తాళం చేతికి రావాలి. ఏడాదంతా ఊరించిన బేరాలు ఆ కొద్ది రోజుల్లో తెగాలి, లేదా పోవాలి. నాకు నిద్ర పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ని. నా భార్య ఏదైనా అడిగితే కసిరేవాణ్ని. బతుకమ్మకు పూలు తెమ్మన్న కూతురి మీద కూడా అరిచాను.

పద్మక్క పద్ధతి వేరు. పక్షాలు రాగానే కొత్త ఇళ్ల జోలికి పోకుండా, అంతకుముందు తాను అమ్మిన ఇళ్లకు వెళ్లి వచ్చేది. వాళ్లింట్లో చాయ్ తాగేది, నల్లా కారుతుంటే ప్లంబర్‌ను పిలిపించేది, గోడ విషయంలో పక్కింటివాళ్లతో తగవు ఉంటే తీర్చేది. నేను బండి మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ని. అమ్మేసిన ఇంటితో మనకేం పని అని లోపల ఉడికిపోయేవాణ్ని. ఒకసారి పైకే అన్నాను. "బిడ్డ పెండ్లి జేసి మల్ల మొఖం సూడవా?" అని నవ్వేసింది.

ఒక ఏడాది బోధన్‌లో సాయవ్వ ఇల్లు మా చేతికి వచ్చింది. ఆమె భర్త గంగారాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ సంపాదనతో కట్టుకున్న ఇల్లు. ఆయన పోయి సంవత్సరీకం కూడా అయిపోయింది. ఒంటరిగా ఉండలేక ఇల్లు అమ్మకానికి పెట్టి నిజామాబాద్‌లో కూతురి ఇంటి పక్కన ఒక గది కిరాయికి మాట్లాడుకుంది. చందూరు రైతు ఒకాయన పిల్లల చదువు కోసం ఆ ఇల్లు ఖాయం చేసుకున్నాడు, దసరా నాడు పాలు పొంగిస్తానన్నాడు. సాయవ్వ ఒక్కటే అడిగింది. పెత్రమాస నాడు భర్త పేరున ఆ ఇంట్లోనే బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రం తాళం ఇచ్చేస్తానంది. పద్మక్క సరేనని మాటిచ్చింది. రంగులకు ఆ తర్వాత కూడా వ్యవధి ఉంది.

ఉన్న వ్యవధి నాకు కనబడలేదు. ఆ రైతు డిచ్‌పల్లిలో ఇంకో ఇల్లు చూశాడని ఎవరో చెప్పారు. అంతే, నాకు కాలు నిలవలేదు. ఆయనకు ఫోన్ చేసి, కావాలంటే ముందే రంగులు మొదలుపెట్టుకోవచ్చని నేనే ఆశ పెట్టాను. తర్వాత సాయవ్వ దగ్గరికి వెళ్లి, పెత్రమాసకు ముందే ఖాళీ చేయాలని, దానికి పద్మక్క కూడా ఒప్పుకుందని అబద్ధం చెప్పాను. ఆమె గోడకున్న గంగారాం ఫోటో తీసి కొంగుతో తుడిచింది. సామాను ఆటోలో ఎక్కించి పంపించాను. ఆ రోజు నాకు హాయిగా నిద్ర పట్టింది. ఆ నిద్రను తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ సిగ్గు.

పెత్రమాస పొద్దున పద్మక్క బియ్యంలో పెట్టి ఇవ్వడానికి గుమ్మడికాయ, బీరకాయలు తీసుకుని బోధన్ వెళ్లింది. అక్కడ నిచ్చెనల మీద రంగులవాళ్లు కనిపించారు. నాకు ఫోన్ చేసి, ఆఫీసు కారు తీసుకుని నిజామాబాద్‌లో సాయవ్వ గదికి రమ్మంది. అరవలేదు. వచ్చేముందు ఆ రైతుకు ఫోన్ చేసి ఒక్క పూట ఇల్లు అడిగిందట. పాలు పొంగించబోయే ఇంట్లో పోయినవాళ్లకు బియ్యం ఇవ్వడం తనకు మంచిది కాదని ఆయన అన్నాడట. అందులో ఆయన తప్పేమీ లేదు.

నేను వెళ్లేసరికి సాయవ్వ గదిలో ఫోటో ముందు బియ్యం, కూరగాయలు సర్ది ఉన్నాయి. అయ్యగారు వచ్చే వేళవుతోంది. సాయవ్వ మాత్రం గడపలో కూర్చుని వీధి వైపు చూస్తోంది. నన్ను చూసి కోపగించుకోలేదు. నెమ్మదిగా అడిగింది.

"బిడ్డా, ఆయన ఈ దినం గా ఇంటికే వస్తడు గదా. ఈ కిరాయి ఇల్లు ఆయనకెట్ల దొరుకుతది?"

పద్మక్క చెప్పులు వేసుకుంది. "అయ్యగారిని జరసేపు కూసోబెట్టు అవ్వా. మేం పోయి తోల్కొస్తం," అంది.

బోధన్ చేరాక పద్మక్క ఆ ఇంటి ముందు కారు ఆపించి, వెనక తలుపు తెరిపించింది. రంగులవాళ్లు బ్రష్షులు పట్టుకుని మావైపే చూస్తున్నారు.

"పిలువు," అంది.

"నేనా అక్కా?"

"ఇల్లు ఖాళీ జేయించింది నువ్వే గదా. కొత్త అడ్రసు నువ్వే జెప్పు."

ఎన్ని ఇళ్లు చూపించానో, ఎన్ని మాటలు చెప్పానో, ఆ గేటు ముందు ఒక్కటీ పనికిరాలేదు. చివరికి ఎలాగో అన్నాను. "గంగారాం బాపూ, అవ్వ ఇక్కడ లేదు. తొందరపెట్టి నేనే పంపించిన. నిజామాబాద్‌ల ఎదురుసూస్తున్నది. రా బాపూ, నేను తీస్కపోత." మాట్లాడుతుంటే కళ్లు మసకబారాయి. నిచ్చెన మీది ముసలాయన తలకు చుట్టుకున్న తువాలు తీసి చేత పట్టుకున్నాడు. కాసేపాగి పద్మక్క వెనక తలుపు మెల్లగా వేసి, ముందు సీటులో వచ్చి కూర్చుంది.

ఎడపల్లి దాటుతుండగా ఫోను మోగడం మొదలైంది. పండుగ బేరాలన్నీ ఒక రోజు ముందే కళ్లు తెరిచినట్టున్నాయి. అలవాటుగా చెయ్యి అటు పోయింది. "ఎనక పెద్దమనిషి కూసున్నడు," అంది పద్మక్క. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చెరకు తోటల పక్కన పిల్లలు తంగేడు పూలు కోసుకుంటున్నారు. గుంతలు వచ్చినచోట బ్రేకు మీద కాలు పెట్టి, ముసలివాళ్లను ఎక్కించుకున్నప్పుడు నడిపినట్టే నడిపాను. ఫోను మోగి మోగి ఆగిపోయింది, మళ్లీ మోగింది. ఆ బేరాల్లో కొన్ని నిజంగానే పోయాయి.

గది ముందు దిగి వెనక తలుపు తెరిచాను. సాయవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి గడప ముందు, కాళ్లు కడిగే చోట మెల్లగా పోసింది. "దొరికిందా ఇల్లు," అని అడిగి పక్కకు జరిగి దారిచ్చింది. ఆ మాట నాతో అనలేదు. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ తర్వాత పద్మక్క ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను పనిలోంచి తీసేయనూ లేదు. కొన్నేళ్లకు ఆమె జబ్బుపడి పోయింది, ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. తొందర నన్ను వదల్లేదు. పండుగ దగ్గరపడితే ఇప్పటికీ ఇంట్లో మాట తూలుతాను, తర్వాత నొచ్చుకుంటాను. కాకపోతే ఇల్లు అమ్మేవాళ్లను ధర అడగకముందే ఒక మాట అడుగుతాను. ఈ ఇంట్లో మీరు చేసుకోవలసింది ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని. కొందరు నవ్వుతారు. కొందరు ఏమీ లేదని వెంటనే ధర చెబుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం లేచి లోపలికి వెళతారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆగడం నాకు చాలా కష్టం. ఆగుతాను.