మాక్రో ఆపని మెయిల్

“బడి ఇడిసిపెట్టినోనికి మాక్రోలెందుకుర” అని నిన్న అందరి ముందూ నవ్వావు కదా రమేశన్నా, మరి ఇవాళ దాన్నే ఎందుకు నమ్మావు?

గగన్‌పహాడ్‌లో మాది కార్గో ఆఫీసు. కాగితాలు పెట్టడం మర్చిపోయి మెయిల్ పంపితే ఆపేలా నేనొక మాక్రో, అంటే కంప్యూటర్లో చిన్న ప్రోగ్రాం, రాశాను. మెయిల్‌లో ‘అటాచ్డ్’ అని ఉంటేనే అది ఆపుతుంది. మావాళ్లంతా ‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్’ని పొట్టిగా ‘పీఎఫ్ఏ’ అని రాస్తారన్నది నాకు తట్టలేదు. ఇవాళ రమేశన్న కూడా అదే రాశాడు, ఎయిర్‌లైన్స్ వాళ్లకు మెయిల్ కాగితాల్లేకుండానే వెళ్లింది. మల్లెపూల పెట్టెలు విమానం ఎక్కలేదు.

“నీ మాక్రో ఆపుతదనుకున్న. ఇగ సారుకు నువ్వే జెప్పుకో.”

“జర నువ్వు సూస్కోవద్దా అన్నా?”

నా ఉద్యోగం ఉండేట్టు లేదు. సగం తప్పు నాదే, మిగతా సగం ఎవరిదో మీరే చెప్పండి. సార్ పిలుస్తున్నారు, పోవాలి.