స్తంభానిది తప్పు కాదు

డ్రైవింగ్ నేర్పే మాస్టారు పొట్టివారు. ఆ సంగతి ఆయన భార్యకు తెలుసు, ఇరవై రెండేళ్లుగా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. ఎవరూ గమనించలేదని ఆయన ఒక్కరే నమ్మేవారు. పాఠం చెప్పే కారులో ఆయన కూర్చునేది పక్క సీట్లో గనక ఆ నమ్మకానికి ఇన్నాళ్లూ ఢోకా రాలేదు. తానే స్టీరింగ్ పట్టవలసి వచ్చినప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, చేతిసంచీలోంచి ఓ గళ్ల దిండు తీసి, కింద వేసుకుని కూర్చునేవారు. అది ఇంట్లో సోఫా మీది దిండు. మూడు ఉండాలి కదా, రెండే ఉన్నాయేమిటని భార్య వెతికినప్పుడల్లా మాస్టారు కూడా ఆవిడతో పాటు వంగి మంచం కింద వెతికేవారు.

ఆవిడ ఫిజియోథెరపీ చేస్తుంది. పక్షవాతం వచ్చి లేవలేనివాళ్లకి, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ఇళ్లకు వెళ్లి కాళ్లూ చేతులూ ఆడించి వస్తుంది. కరెంటు మిషను, ఇసుక బరువులు, మడత బల్ల అన్నీ మోసుకుని బస్సెక్కలేక, తన సంపాదనతో, తన పేరు మీద వేరే కారు కొనుక్కుంది. కారుంటే రోజుకి ఆరిళ్లు తిరుగుతుంది. లేకపోతే రెండు. మిగిలిన నాలుగిళ్లలో మంచాన ఉన్నవాళ్లు ఆ రోజుకి అలాగే ఉండిపోతారు.

ఇక స్తంభం సంగతి. మాస్టారింటి ఆవరణలో గేటు పక్కన నడుమెత్తు ఇనప గొట్టం ఒకటి పాతి ఉంది. మాస్టారే స్వయంగా పాతి, లోపల సిమెంటు పోసి, పసుపూ నలుపూ పట్టీలు వేశారు. బండిని వెనక్కి తీయడం నేర్పడానికి అదే ఆయన బడి, అదే ఆయన బెత్తం. కొత్తవాళ్లు వణుకుతూ దాని దగ్గరికి వస్తుంటే, "స్తంభం ఎక్కడికీ పోదండీ, మనమే దాని మీదికి పోతాం" అని నవ్వేవారు. ఈ మాట తానే కనిపెట్టానని ఆయనకు గర్వం.

ఓ ఆదివారం పొద్దున భార్య కారును తానే కడిగి, నీడలో పెడదామని మాస్టారు దిండు వేసుకుని కూర్చున్నారు. వెనక్కి తీస్తూ అద్దంలోకి చూశారు. చూడవలసింది వెనకాల దారి. ఆయన చూసుకున్నది అప్పుడే కత్తిరించుకున్న మీసం. ఎడమ కొస కాస్త పొడుగుందేమోనని మెడ తిప్పేలోపు వెనక నుంచి డబ్బా అణిగినట్టు చప్పుడైంది. దిగి చూస్తే డిక్కీ లోపలికి పోయి, రేకు చక్రాన్ని కరుచుకుని ఉంది. స్తంభానికి సొట్ట కూడా పడలేదు. పసుపు రంగు మాత్రం కాస్త ఊడింది.

చప్పుడు విని భార్య తడిచేతులతో బయటికొచ్చింది. ఏమైందని అడిగింది. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ మాస్టారు చెప్పలేదు. ఆయన నోటికి వచ్చిన పేరు నిచ్చెన.

నిచ్చెన అంటే లైబ్రరీలో పనిచేసే ఆయన. పై అరలోని పుస్తకాలు కూడా నేల మీద నిలబడే అందుకుంటారని ఆ పేరు. ఆరడుగులు దాటిన మనిషి, ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడరు, మాస్టారి దగ్గరే నేర్చుకుంటూ లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పారు. ఇప్పుడే వచ్చారనీ, ముచ్చటపడితే ఒక్కసారి స్టీరింగ్ ఇచ్చాననీ, గుద్ది హడలిపోయి వెళ్లిపోయారనీ మాస్టారు చెప్పేశారు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధేసింది. భార్య నిట్టూర్చి, పాపం ఆయన్నేమీ అనకండి అంది.

మధ్యాహ్నానికి క్రేనువాళ్లొచ్చి కారును గ్యారేజీకి తీసుకుపోయారు. దిండు సీట్లోనే ఉండిపోయిందని మాస్టారికి సాయంత్రం గుర్తొచ్చింది. గ్యారేజీకి పరుగెత్తితే, బీమా కంపెనీ సర్వేయరు వచ్చి ఫోటోలు తీసేదాకా లోపల పూచికపుల్ల కూడా కదపనివ్వనని మెకానిక్ అడ్డం నిలబడ్డాడు. దిండు కోసం వచ్చానని చెప్పడానికి మాస్టారికి ముఖం చెల్లలేదు. టైర్లలో గాలి సరిగా ఉందో లేదో చూసి వెనక్కొచ్చేశారు.

క్లెయిము ఫారం భార్యే నింపింది. భర్త ఎలా చెబితే అలా, పొల్లు పోకుండా రాసింది. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సొంత వాడకానికని బీమా చేయించిన కారును డ్రైవింగ్ నేర్పడానికి వాడారు, ఇది షరతులకు విరుద్ధం, కాబట్టి క్లెయిము తిరస్కరించడమైనది. నేర్చుకుంటున్న వ్యక్తిని ఫోన్లో విచారించగా ఆయన కూడా ఒప్పుకున్నట్టు కింద ఇంకో వాక్యం ఉంది.

ఆ వాక్యం దగ్గర మాస్టారు ఆగిపోయారు. అక్కడ లేనే లేని మనిషి ఎలా ఒప్పుకున్నారు? తన అబద్ధం తనకన్నా బలంగా తయారై, తన ముందే కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టనిపించింది.

భార్య మాత్రం ఊరుకునే రకం కాదు. మర్నాడే మాస్టారిని వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకు వెళ్లింది. మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. క్లెయిములు చూసే ఆఫీసరమ్మ బల్ల మీద ఫైళ్ల మధ్య అరచేయంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే భార్య తన కాగితాలు పరిచి మాట్లాడింది. అది నేర్పడం కాదనీ, తెలిసినాయన ముచ్చట తీర్చడమనీ, ఈ నెలలో తాను ఎన్ని ఇళ్లకు వెళ్లలేకపోయిందో, అందులో ఒకావిడ చెయ్యి మళ్లీ ఎలా బిగుసుకుపోయిందో చెప్పింది. మాస్టారు పక్క కుర్చీలో కూర్చుని విన్నారు. ఆయన కాళ్లు నేలకు ఆనీ ఆనకుండా ఉన్నాయి.

ఆఫీసరమ్మ అంతా విని, ముచ్చటైనా పాఠమైనా స్టీరింగ్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంది కదా అంది. అంటూ ఫైలు తెరిచి, సర్వేయరు ఫోటోలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. డిక్కీ, చక్రం, వెనక దీపం. నాలుగో ఫోటో కారు లోపలిది. డ్రైవరు సీటు స్టీరింగుకు అతుక్కున్నంత ముందుకు జరిపి ఉంది. దాని మీద గళ్ల దిండు.

భార్య కళ్లజోడు పెట్టుకోలేదు. ఆఫీసరమ్మ చూపు డిక్కీ మీద ఉంది. ఆ దిండును చూసినవారు గదిలో మాస్టారొక్కరే. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కారు పోతుంది. తెరిస్తే, కారు వస్తుందో రాదో గానీ పరువు పోవడం మాత్రం ఖాయం. ఉన్న పరువెంతా అని ఆయన మొదటిసారి లెక్క వేసి చూసుకున్నారు. దిండంత ఎత్తు కూడా తేలలేదు.

"ఆ దిండు నాదండీ," అన్నారు.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"కారు నడిపింది నేనే. లైబ్రరీ ఆయన ఆ రోజు మా వీధికే రాలేదు. నేనే గుద్దాను. పాఠం లేదు, ఏమీ లేదు."

భార్య కళ్లజోడు తీసి పెట్టుకుంది. ఫోటో దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. "మూడో దిండు," అంది మెల్లగా.

ఆఫీసరమ్మకు ఇలాంటివి కొత్త కాదు. "తిరస్కరించాక అందరికీ కొత్త సంగతులు గుర్తొస్తాయండీ," అంది.

"ఆయన ఆరడుగుల పైన ఉంటారు. అంత ముందుకు జరిపిన సీట్లో, ఆ దిండు మీద ఆయన్ని కూర్చోబెడితే తల టాపులోంచి బయటికొస్తుంది. నాకైతే సరిపోతుంది. కావాలంటే చూడండి."

"అంటే మీరు పొట్టివారని నిరూపించుకోవడానికి వచ్చారా?"

"అవునండీ. పొట్టివాడిననీ, వెనక్కి తీయడం రాదనీ."

"మీరేం చేస్తుంటారు?"

"డ్రైవింగ్ నేర్పుతుంటానండీ."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టి కాసేపు కిటికీ వైపు చూసింది. ఆవిడ భుజాలు కదిలాయి. మళ్లీ ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది. తప్పు సమాచారం ఇవ్వడం కూడా తిరస్కరించడానికి కారణమే అవుతుందనీ, తనంతట తాను తేల్చలేననీ, జరిగింది జరిగినట్టు సొంత చేత్తో రాసిస్తే పైవాళ్లకు పంపుతాననీ చెప్పింది. మాస్టారు రాశారు. మీసం గురించి రాయాలా వద్దా అని ఆగారు. కారణం అని ఒక గడి ఉంది మరి. రాసేశారు.

మూడు అంతస్తుల మెట్లూ దిగారు. కిందికొచ్చాక భార్య కారు గురించి గానీ దిండు గురించి గానీ అడగలేదు. "లైబ్రరీ ఆయనకి ఎప్పుడు చెబుతారు?" అంది. ఆ గొంతు విన్నాక, ఎప్పుడు అంటే ఇప్పుడే అని మాస్టారికి అర్థమైంది.

నిచ్చెన లైబ్రరీలో పై అర సర్దుతున్నారు. మాస్టారు తల వెనక్కి వాల్చి, ఆయన గడ్డం వైపు చూస్తూ మొత్తం చెప్పారు. నిచ్చెన చేతిలోని పుస్తకం అటూ ఇటూ తిప్పారు.

"కంపెనీవాళ్లు ఫోన్ చేసి, మీరే చెప్పారన్నారు సార్. మీ అంతటివారు చెప్పారంటే ఎప్పుడో గుద్దే ఉంటాను, కంగారులో మరిచిపోయానేమో అనుకున్నాను." ఆగి, ఇంకా మెల్లగా అన్నారు. "ఇక నాకు రాదులే అని పరీక్ష తేదీ కూడా రద్దు చేయించుకున్నాను."

డిక్కీ నలిగినప్పుడు కూడా మాస్టారికి అంత నొప్పి కలగలేదు. "నేను అంతటివాణ్ని కాదండీ," అన్నారు. కొత్త తేదీకి దరఖాస్తు అక్కడే, ఆయన బల్ల మీదే నింపి ఇచ్చారు.

వారం తిరక్కుండా సర్వేయరు మళ్లీ వచ్చాడు. గ్యారేజీలో, ఫోటోలో ఉన్నట్టే సీటు జరిపి, నిచ్చెనను కూర్చోమన్నాడు. ఆయన ఒక కాలు పెట్టగలిగారు. రెండో కాలు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. తరువాత మాస్టారు కూర్చున్నారు. మెకానిక్, సర్వేయరు, నిచ్చెన చూస్తుండగా, ఇరవై రెండేళ్లుగా దాచుకున్న ఎత్తు మీద దర్జాగా కూర్చుని ఫోటో తీయించుకున్నారు.

తప్పు చెప్పినందుకు కొంత కోత వేసి, క్లెయిము మంజూరు చేశారు.

కారు ఇంటికొచ్చిన సోమవారం పొద్దున మాస్టారు అలవాటుగా డ్రైవరు తలుపు వైపు నడిచారు. భార్య తాళాల కోసం చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేసి, వెళ్లి స్తంభం పక్కన నిలబడ్డారు. "రానివ్వు... రానివ్వు... చాలు," అన్నారు. ఆవిడ ఆయన చాలు అనకముందే ఆపింది. స్తంభానికి జానెడు దూరం మిగిలింది.

కిటికీ అద్దం దించి గళ్ల దిండు ఆయన చేతిలో పెట్టింది. "సోఫాకి రెండు చాలు. దీన్ని మాత్రం సంచీలో దాచకండి," అని, మొదటి ఇంటికి బయల్దేరింది. ఆ రోజు ఆరిళ్లున్నాయి.

కారు వెళ్లిపోయాక చూస్తే గేటు బయట పాఠం కోసం వచ్చిన నిచ్చెన నిలబడి ఉన్నారు. మాస్టారు దిండును గబుక్కున వీపు వెనక్కి తీసుకుపోబోయి, సగంలో మానుకుని, చంకలో పెట్టుకుని గేటు తీశారు.