కాశిం మామ కుట్టిన ప్యాంటు

రెండేళ్ల కిందట మా యాడికిలో నాటకం వేస్తే నాది బఫూన్ వేషం. నా వదులు ప్యాంటును దర్జీ కాశిం మామే ఊరికే కుట్టిచ్చాడు. నేనెన్ని పల్టీలు కొట్టినా జనం నవ్వలేదు. మా దగ్గర బఫూన్ ఎదురుగా కూర్చున్నవాళ్లను అనుకరించడం మామూలే. ముందు వరసలో ఉన్న మామలాగా కుంటుతూ నడిచాను. ఒకటే ఈలలు! మామ పక్కనున్న కూతురు మాత్రం తల దించుకుంది.

నాటకమయ్యాక మామ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"నాది కుడికాలప్పా, నువ్వు ఎడమకాలు కుంటినావు," అన్నాడు నెమ్మదిగా. "ముందే చెప్పింటే ఆ కాలు పొట్టిగా కుట్టింటి గదా."

అప్పుడు క్షమించమని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ ప్యాంటు నా పెట్టెలోనే ఉంది. రెండు కాళ్లూ ఎంత సమానంగా కుట్టాడో!