పిన్నిగారి నాలుగో నాటకం

పోయిన నెలలో ఒక గురువారం పొద్దున కందిపప్పు కడిగి పొయ్యిమీద పెట్టబోతుంటే ఫోన్ మోగింది. పిన్నిగారి అమ్మాయి. "అమ్మ వెళ్ళిపోయింది" అని ఒక్క ముక్క చెప్పి, కాసేపు ఏడ్చి, రేపే ఖననం అంది. వాళ్ళల్లో ఆలస్యం చెయ్యరు. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది కాబట్టి ఆలోపే అంతా అయిపోవాలి. ఫోన్ పెట్టేసి, కడిగిన పప్పు సింకు పక్కనే వదిలేసి కూర్చున్నాను. ఆ రోజు మా ఇంట్లో పప్పు వండలేదు.

పిన్నిగారంటే నాకు చుట్టమేం కాదు. తెలుగావిడ కూడా కాదు. డిట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే యూదుల పెద్దావిడ. అక్కడి యూదుల నాటక సమాజానికి డైరెక్టరు. పేరు పెట్టి పిలవమని మొదటిరోజే చెప్పింది. మా అమ్మ ఈడు ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? ఇంటిపేరుతో "మిసెస్" అంటే ఆవిడకి నచ్చలేదు, బళ్ళో హాజరు పిలిచినట్టుందిట. చివరికి "పిన్నిగారూ" అన్నాను. దానర్థం చెప్పగానే మురిసిపోయింది. నెల తిరక్కుండా ఆ సమాజంలో అందరూ, తలలు నెరిసిన మగవాళ్ళతో సహా, ఆవిణ్ణి "పిన్నీ" అనడం మొదలుపెట్టారు.

మా పరిచయం నా నోరు ఊరుకోకపోవడం వల్ల జరిగింది. డెబ్బైల చివర, మేము ఆ ఊరు వచ్చిన కొత్తలో, మావారి ఆఫీసులో ఎవరో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకి రెండు టికెట్లిచ్చారు. బట్టలు కుట్టే ముసలి తండ్రి ఒకాయన కూతురి పెళ్ళి గౌను కుడుతూ ఒక పాట పాడతాడు. యిద్దిష్ అని వాళ్ళ పాత భాష. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఏం పాడాడండీ! పాట అయిందో లేదో, లేచి నిలబడి "వన్స్ మోర్!" అని ఒక్క అరుపు అరిచాను.

మీరు నవ్వకండి. నేను తెనాలి దాన్ని. పౌరాణిక నాటకాల్లో పద్యం పండితే వన్స్ మోర్ అనకపోవడం మా ఊళ్ళో నటుణ్ణి అవమానించడం కింద లెక్క. మా నాన్న బెంచీమీంచి లేచి, భుజం మీద కండువా తీసి ఊపుతూ అరిచేవాడు. నటుడు కూడా చచ్చిపడున్న వేషంలోంచి లేచి మరీ పద్యం అందుకునేవాడు.

ఇక్కడ మాత్రం హాలంతా నిశ్శబ్దమైపోయింది. "కూర్చోవే బాబూ, ఇక్కడ అలా అరవకూడదు. టోటల్‌గా పరువు తీసేశావ్" అని మావారు నా చెంగు పట్టుకు లాగారు. స్టేజి మీద ఆయన, బయట పళ్ళ డాక్టరు, నోరు తెరుచుకుని తెర పక్కకి చూశాడు. అక్కడినుంచి జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకున్న ఒక పొట్టి ఆవిడ చెయ్యి బయటికి పెట్టి, వేలు గుండ్రంగా తిప్పింది. మళ్ళీ అని. డాక్టరుగారు మళ్ళీ పాడాడు. రెండోసారి ఇంకా బాగా పాడాడు.

ఆట అయ్యాక ఆవిడ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మావారు "సారీ అండీ, షీ ఈజ్ న్యూ హియర్" అని మొదలెట్టబోయారు. ఆవిడ ఆయన్ని పక్కకి జరిపి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా నాన్న నాటకాల్లో, మా పాత ఊళ్ళో, జనం ఇలాగే అరిచేవాళ్ళు. ఓడ దిగి ఇక్కడికొచ్చాక అందరూ మర్యాద నేర్చుకున్నారు. నాకు మర్యాదతో పనిలేదు. నువ్వెక్కడుంటావ్?"

రెండిళ్ళ అవతలే అని తెలిసి పెద్దగా నవ్వింది. మర్నాడు గరాజ్ తలుపులోంచి నేరుగా మా వంటింట్లోకి వచ్చింది. అది మొదలు ఆవిడ మా ఇంటి బెల్లు ఏనాడూ నొక్కలేదు.

వాళ్ళకి తిండి విషయంలో నియమాలు చాలా ఉన్నాయి. ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తినదు. మా ఇంట్లో మాత్రం తినేది. "ఈ గిన్నెలు మాంసం మొహం చూడలేదు కదా, దేవుడితో నేను మాట్లాడుకుంటాలే" అనేది. ముందు స్పూనుతో మొదలుపెట్టి, నిమ్మకాయ ఊరగాయ దగ్గరికి వచ్చేసరికి స్పూను పక్కన పడేసి వేళ్ళతో కలిపేది. మా అమ్మాయి చిన్నప్పుడు ఆవిణ్ణి చూడగానే, "అమ్మా, పిన్ని గ్రాండ్‌మా వచ్చింది, పప్పు పెట్టు, ప్లే ఉంది!" అని అరిచేది.

పప్పుకీ నాటకానికీ సంబంధం ఏమిటంటారా? అదే చెప్పబోతున్నాను.

ఆ సమాజం ఏటా నాలుగు నాటకాలు వేసేది. వచ్చే సీజన్‌కి ఏం వెయ్యాలో వసంతంలోగా తేల్చాలి. అందుకు వాళ్ళకొక కమిటీ ఉంది, చదువుకున్నవాళ్ళు, బోలెడు అభిప్రాయాలు. అయినా పిన్నిగారు ప్రతి నాటకాన్నీ ఖాయం చేసేముందు మా వంటింట్లో చదివేది. నేను పొయ్యిమీద పప్పు పెట్టుకుని కలుపుతూ ఉండాలి, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని అన్ని పాత్రలూ తనే అయి చదవాలి. కుక్కర్ వాడనిచ్చేది కాదు, కూత పెడితే డైలాగు పాడవుతుందిట. మా అమ్మ పేరు చెక్కిన పాత స్టీలు గిన్నెలో, మూతలేకుండా, సన్న మంటమీద వండాలి. వినడంలో పడి నేను గరిటె మర్చిపోయి పప్పు అడుగంటిందా, నాటకం ఖాయం. పప్పు చక్కగా ఉడికిందా, ఆ నాటకం గతి అంతే.

"నవ్వు మర్యాదకి కూడా వస్తుంది. చప్పట్లు అలవాటుకొద్దీ కొడతారు. పప్పు మాత్రం ఎవరి మొహమూ చూసి మాడదు" అనేది.

ఒకసారి పిన్నిగారు, కమిటీ అంతా పొట్ట పట్టుకుని నవ్విన హాస్య నాటకం తెచ్చింది. నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే కలుపుతున్నాను. పప్పు వెన్నలా ఉడికింది. పిన్నిగారు గిన్నెలోకి తొంగి చూసి, "అయ్యో పాపం" అని పుస్తకం మూసేసింది. ఆ మధ్యాహ్నం మేం మంచి పప్పన్నం తిన్నాం. మాడిన రోజుల్లో తిన్నది ఎక్కువగా బ్రెడ్డూ ఊరగాయే.

ఆవిడకి వచ్చిన తెలుగు చాలా కొద్ది. పప్పు, చాలు, మాడింది. "మాడింది" అనేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, లాటరీ తగిలినట్టుండేది.

రిహార్సల్స్‌కి నన్ను లాక్కుపోయేది. గొంతు లేవని కుర్రాళ్ళని, "చివరి వరసలో కూర్చునే చెవిటాయనకి కూడా టికెట్ అమ్మాం నాయనా, ఆయన డబ్బు వాపసు నువ్విస్తావా?" అని ఝాడించేది. కొత్త నాటకం మొదటి ఆటకి నేను కొబ్బరికాయ తీసుకెళ్ళి స్టేజి మెట్లమీద కొట్టేదాన్ని. మొదటిసారి వాచ్‌మన్ ఏదో పేలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు. పిన్నిగారు ఒక చెక్క తీసుకుని తింటూ, "పద, ఇంక తెర తియ్యండి" అంది.

మా నాన్న పోయినప్పుడు నేను తెనాలి వెళ్ళలేకపోయాను. మా అమ్మాయి కడుపులో ఉంది, డాక్టరు వద్దన్నారు. వార్త తెలిసిన సాయంత్రం పిన్నిగారు వచ్చి వంటింట్లో నేలమీద నా పక్కన కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఇదేం మనిషి, ఓదార్పు మాట ఒక్కటైనా అనదేం అనుకున్నాను. వాళ్ళ ఆచారం అదని తరవాత తెలిసింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా పలకరించడానికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. ఎప్పటికో నేను, "మా నాన్న నాటకాల్లో వన్స్ మోర్ అని అరిచేవాడు" అన్నాను.

"ఎలా అరిచేవాడు? చూపించు" అంది.

అరిచి చూపించాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆవిడ నా తల తన భుజంమీదికి లాక్కుంది. ఈ దేశంలో నాకు ఒక మనిషి ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

కిందటి చలికాలంలో ఆవిడ గొంతుకి జబ్బు చేసింది. ఆపరేషన్ అయ్యాక గొంతు పోయింది, గుసగుసలాడినట్టు నాలుగు మాటలు మాత్రం వచ్చేవి. వచ్చే సీజన్‌కి మూడు నాటకాలు అప్పటికే తేలాయి. నాలుగోది అప్పుడే వచ్చింది. ఆ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెప్పే ఒకమ్మాయి రాసింది. ఇల్లు ఖాళీ చేస్తున్న తల్లీ కూతురూ వంటింట్లో కూర్చుని, పండగకి వాడే పళ్ళాలూ గిన్నెలూ ఎవరికేది అని పంచుకుంటారు. అంతే కథ. పిన్నిగారికి ఆ నాటకం మీద ప్రాణం.

"ఇది మా అమ్మ" అంది నా చెవిలో. "నేను రాయాలనుకుని రాయలేకపోయాను. నేనున్నా లేకపోయినా ఇది స్టేజి ఎక్కాలి."

కమిటీకి నచ్చలేదు. అప్పటికి దానికి పెద్ద మన పళ్ళ డాక్టరే. "పాట లేదు, మగవేషం లేదు. ఇద్దరాడవాళ్ళు గిన్నెలు సర్దుకుంటుంటే చూడ్డానికి ఎవరొస్తారు?" అన్నాడు. మగవేషం లేదంటే తనకి వేషం లేదని. పైగా పిన్నిగారు పెట్టిన నియమమే ఆవిడకి అడ్డం తగిలింది. పొయ్యి పక్కన చదవని నాటకం సీజన్‌లోకి రాదు. చదవడానికి ఆవిడకి గొంతులేదు.

మా గిన్నె, కందిపప్పు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గరిటె ఆవిడ చేతిలో పెట్టి, పొయ్యి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "ఇవాళ మీరు కలపండి, నేను చదువుతాను" అన్నాను.

నా తెనాలి ఇంగ్లీషుతో తల్లినీ నేనే, కూతుర్నీ నేనే అయి చదివాను. మొదట సిగ్గేసింది. తరవాత ఎక్కడున్నానో మర్చిపోయాను. తల్లి ఒక చిట్లిన పళ్ళెం ఎత్తి, "ఇది ఎవరికీ వద్దు, కాబట్టి ఇది నాది" అంటుంది. అక్కడికొచ్చేసరికి వాసన తగిలింది. తలెత్తి చూస్తే గరిటె ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది పిన్నిగారు. గిన్నెలోంచి పొగ. నేను లేవబోతే చెయ్యెత్తి ఆపింది. చివరిదాకా చదివించింది. అప్పుడు కళ్ళు తెరిచి, గుసగుసగా, "మాడింది" అంది.

ఇది మావారికి చెబితే, "కమాన్, కమిటీని బీట్ చెయ్యడానికి కావాలనే మాడ్చి ఉంటుందే" అన్నారు. ఆయనకేం తెలుసు? ఆ మొహం చూసింది నేను.

ఆ వారం కమిటీ వాళ్ళింట్లోనే కూర్చుంది. పిన్నిగారు ఆ నల్లటి గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. డాక్టరుగారు వంగి వాసన చూసి, "చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నమాటకి మన ఇళ్ళల్లో అర్థం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ళల్లో కూడా అదే అర్థమట, పిన్నిగారి అమ్మాయి చెప్పింది. ఆ తేలని మాటతోనే పిన్నిగారు వెళ్ళిపోయింది.

శుక్రవారం అందరితోపాటు నేనూ పారతో మట్టి వేశాను. ఆ తరవాత వారం రోజులు వాళ్ళు ఇంట్లోనే ఉంటారు, అద్దాలకి గుడ్డలు కప్పుతారు. వెళ్ళి పిన్నిగారి అమ్మాయి పక్కన కూర్చుని, తను మాట్లాడేదాకా నేను మాట్లాడలేదు. తను లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చిచ్చింది. అడుగు అలాగే నల్లగా ఉంది.

"అమ్మ తోమనివ్వలేదు" అంది.

లేచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పలేదు. అలాంటి ఇంట్లో మనమూ చెప్పం కదా. వాళ్ళూ వీడ్కోలు చెప్పడానికి లేవలేదు.

నిన్న ఆదివారం ఆ హాల్లోనే వచ్చే సీజన్ నాటకాలు ప్రకటించారు. నేను సంచీ పట్టుకుని వెళ్ళి మధ్య వరసలో కూర్చున్నాను. మావారు పక్కనే. "ఆ బ్యాగులో ఏమిటే?" అంటే చెప్పలేదు. డాక్టరుగారు మైకు ముందుకొచ్చి మొదటి నాటకం పేరు చదివాడు. చప్పట్లు. రెండోది. మూడోది. మూడోదాని తరవాత కాగితం దించి, మంచినీళ్ళు తాగాడు. అయిపోయిందనుకుని వెనక ఎవరో చప్పట్లు మొదలెట్టారు. నా చెయ్యి సంచీలోకి వెళ్ళింది.

డాక్టరుగారు చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. గొంతు సవరించుకుని నాలుగో నాటకం పేరు, రాసినమ్మాయి పేరు చదివి, "మా పిన్ని ఎంపిక" అన్నాడు.

మావారు పట్టుకోడానికి నా చెంగు అందలేదు. అప్పటికే లేచి నిలబడి అరిచేశాను.

"వన్స్ మోర్!"

హాలంతా నావైపు తిరిగింది. డాక్టరుగారు మాత్రం తెర పక్కకి చూశాడు. అక్కడెవరూ లేరు. కాసేపు అటే చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం ఎత్తి మళ్ళీ చదివాడు. నేను కూర్చుని సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను. గిన్నె బయటికి తియ్యాల్సిన పని పడలేదు.