బతికుండగా చదివిన మరణలేఖ

ఆ మఠంలో సిస్టరెవరైనా కన్నుమూస్తే, ఆమె జీవితాన్ని ఒక్క పేజీకి కుదించి తమ సన్యాసినుల సభకి చెందిన మఠాలన్నిటికీ పంపుతారు. దాన్ని మరణలేఖ అంటారు. రాసేది సెక్రటరీ సిస్టరు. ఆవిడ కలం కింద పడితే ఎంతటి గయ్యాళైనా నోట్లో నాలుక లేని మనిషైపోవాల్సిందే.

మొన్న లాండ్రీ సిస్టరుకి జ్వరం ముదిరింది. ఫాదరుగారొచ్చి చావుబతుకుల్లో ఉన్నవాళ్లకిచ్చే అవస్థ అభ్యంగనం కూడా ఇచ్చి వెళ్లారు. ఇంకేం, సెక్రటరీ సిస్టరు ముందుచూపుతో లేఖ రాసేసింది. ఈ మహాతల్లేమో మూడోనాటికి లేచి కూర్చుని ఆకలేస్తోందంది! వారం తిరక్కుండా బట్టల తొట్టి దగ్గరికి చేరింది. ఉతికే ముందు జేబులు తడుముతుంటే, సెక్రటరీ అంగీలో ఆ కాగితం దొరికింది.

"నోరెత్తి ఎరుగని వినయశీలి. ముప్పై ఏళ్లు బట్టలుతుకుతూనే దేవుణ్ని కనుగొన్నది."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. లాండ్రీకొచ్చి తొమ్మిదేళ్లే. అంతకుముందు ఇరవై రెండేళ్లు మఠం డిస్పెన్సరీ నడిపింది, వందల పురుళ్లు పోసింది. బీద రోగుల కోసమే పుట్టిన సభ అది. ఫీజుల బడికి గదులు చాలక డిస్పెన్సరీ మూస్తామని మఠం పెద్ద మదర్ అన్ననాడు, ఆవిడ గోడలదిరేలా నోరెత్తింది. ఆ నోటికి పడిన శిక్షే ఈ సబ్బూ, తొట్టీ. ఇప్పుడు ఆ పురుళ్లన్నీ ఒక్క కాగితంతో గల్లంతవుతుంటే చూస్తూ ఊరుకోవాలా?

మఠంలో భోజనాల వేళ ఎవరూ మాట్లాడకూడదు. వంతు వచ్చినవాళ్లు పునీతుల చరిత్ర చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తినాలి. ఆ పూట వంతు లాండ్రీ సిస్టరుది. పుస్తకం పక్కన పెట్టి, తన మరణలేఖ విప్పి, గుక్క తిప్పుకోకుండా చదివింది. సెక్రటరీ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చిన్న సిస్టర్లు నవ్వాపుకోలేక కంచాల మీదికి వంగిపోయారు.

"ఆపండి సిస్టర్! అది మీరు పోయాక చదవాల్సింది," అంది మదర్, మౌనం సంగతి తనే మరిచిపోయి.

"పోయాక నాకు వంతు రాదుగా మదర్! అందుకే ఇప్పుడే దిద్దుకుంటున్నా."

పెన్సిలు తీసి 'నోరెత్తి ఎరుగని' అన్న మాట కొట్టేసింది. డిస్పెన్సరీ, పురుళ్లు, ఇరవై రెండేళ్లు, అన్నీ రాసింది. తర్వాత పెన్సిలూ కాగితమూ తీసుకెళ్లి మదర్ కంచం పక్కన పెట్టింది.

"ఎవరు మూయించారో ఆ ఒక్కటీ నేను రాయను. మీ చేత్తో మీరే రాయండి."

మదర్ పెన్సిలు ముట్టలేదు. "భోజనం కానివ్వండి," అంది. ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

చివరికి సెక్రటరీ సిస్టరే లేచి వచ్చి, ఆ పెన్సిలు అందుకుంది.

"చెప్పండి మదర్, నేను రాస్తాను."