హోరుకు జర్మన్ మాట

నా భార్య జర్మన్ మౌఖిక పరీక్షలో వర్ణించడానికి ఒక పాత జలపాత చిత్రాన్ని ఎంచుకుంది. పరీక్ష గట్టెక్కితేనే కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, ఆమెకు సహాయకురాలి ఉద్యోగం. అందుకని ఒక శనివారం మేముండే బ్యోబ్లింగెన్ నుంచి రైలెక్కి స్టుట్‌గార్ట్‌లోని మ్యూజియానికి వెళ్లి, ఆ చిత్రం ముందే సాధన మొదలుపెట్టాం.

నల్లని బండల మధ్య నుంచి తెల్లగా దూకే నీరు, పక్కకు ఒరిగిన చెట్టు, తుంపరలో ఇంద్రధనుస్సు. కార్ల సెన్సర్లను పరీక్షించడం నా వృత్తి. కళ్లు ముందు తప్పునే వెతుకుతాయి.

"ఈ ఇంద్రధనుస్సు అబద్ధం. సూర్యుడు మన వీపు వెనక ఉంటేనే అది కనబడుతుంది. ఇక్కడ ఎదురుగా అస్తమిస్తున్నాడు," అన్నాను.

"సూర్యుణ్ని కూడా వదలరా అండీ? పరీక్షకిచ్చిన టెర్మిన్ సోమవారమే. నీళ్ల హోరును జర్మన్‌లో ఏమంటారో చెప్పండి. ఏం వినిపిస్తోందని టీచర్ తప్పకుండా అడుగుతుంది."

బొమ్మలో ఏదీ వినిపించదన్నాను. ఆమె చూసిన చూపుకు ఫోన్ తీసి, శబ్దానికి జర్మన్ మాట వెతికాను. "లేర్మ్."

ఆమె నవ్వాపుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "అది మన మెట్ల దగ్గర అంటించిన చీటీలో మాట కదండీ! ఆదివారం గ్రైండర్ వేశామని పక్కింటావిడ రాసిందే, ఆ చీటీ. జలపాతం మీదా కంప్లయింట్ పెడదామా?"

నిజమే, లేర్మ్ అంటే గోల. నాకు ఇంకో మాట తెలుసు గానీ, అది ఆఫీసు మాట. సెన్సర్ సంకేతంలో కలిసిపోయే అర్థంలేని అలజడిని మేము రౌషెన్ అంటాం. దాన్ని వడకట్టి పారేయడానికే నాకు జీతం. సంకోచిస్తూనే చెప్పాను.

"రౌ...షెన్." ఆమె మళ్లీ పలికింది. "ఇదేనండీ! మాటలోనే నీళ్లున్నాయి."

ఆ వాదనకు ఆధారం చాలదు. నిఘంటువు తెరిచాను. గాలికి కదిలే అడవికీ, సముద్రానికీ, జలపాతానికీ అదే మాట. ఇంజనీర్లే దాన్ని అక్కడి నుంచి తెచ్చుకుని ఉండాలి.

సోమవారం పరీక్ష గది బయట ఎదురుచూశాను. ఆమె వస్తూనే, "పాసండీ! రౌషెన్ అనగానే టీచర్ తలూపింది," అంది. "ఇంకా మాట్లాడమంటే మీ ఇంద్రధనుస్సు గొడవ కూడా చెప్పేశాను. మా ఆయన ఒప్పుకోడన్నాను."

మర్నాడు ఆఫీసులో, వడకట్టే ముందు, ఆ రౌషెన్‌ను ఒకసారి స్పీకర్‌లో విన్నాను. జలపాతంలాగే ఉంది. ఇంద్రధనుస్సు మాత్రం ఇప్పటికీ తప్పే.