ఆరు గంటల దగ్గు

ఓడెట్ గోత్యే గొంతు సాయంత్రం ఆరింటికి పోయేది. మిగతా వేళల్లో దానికి ఏ లోటూ ఉండేది కాదు. పొద్దున్నే కెనడాలోని విన్నిపెగ్ రేడియో కేంద్రం మెట్లెక్కుతూ చలిని తిట్టే తిట్లు పై అంతస్తు దాకా వినబడేవి. మధ్యాహ్నం టొరంటోలోని ప్రధాన కార్యాలయంతో పోట్లాడుతుంటే, ఈవిడకి ఫోనెందుకు, కిటికీ తెరిస్తే చాలు కదా అనిపించేది. ఆరింటి వార్తలకు ఎర్రదీపం వెలిగేసరికి మాత్రం, "శుభసాయంత్రం, నేను ఓడె..." అని, గుండె మీద చెయ్యి వేసుకుని, రెండు దగ్గులు దగ్గి, పక్కనున్న మనిషికేసి వేలు చూపించేది.

రోజూ కాదు. రోజూ అయితే ఎవరు ఉద్యోగంలో ఉంచుతారు? ఏ రెణ్ణెల్లకో ఒకసారి. ఊరంతా హాయిగా జలుబు చేసుకునే మార్చి నెలలో ఆవిడ గొంతు గంటలా ఉండేది. ఎండ కాసే జూలైలో పోయేది.

ఆ గొంతుకు ఏళ్ళ తరబడి సేవ చేసిన మనిషి లిగాయా మనన్సాలా. మనీలా నుంచి వచ్చిన తల్లి దగ్గర నేర్చుకున్న అల్లం కషాయాన్ని రోజూ ఫ్లాస్కులో పోసి తెచ్చేది. "తాగండి మేడమ్, వేడిగా ఉన్నప్పుడే తాగండి," అని ఎదురుగా నిలబడి గుటకలు లెక్కపెట్టేది. లిగాయా తెలివైనదే. కాకపోతే జబ్బంటే జబ్బే అనుకునే రకం.

ఓడెట్ ఆ కేంద్రానికి అధిపతి. ఆరింటి వార్తలు చదివేదీ ఆవిడే. ఇవి చాలవన్నట్టు, 'అందరికీ చోటు' అని ప్రధాన కార్యాలయం వేసిన సంఘానికి అధ్యక్షురాలు కూడా. గోడ మీద ఆ సంఘం పోస్టరు ఒకటి ఉండేది. రకరకాల రంగుల మనుషులు అందులో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుండేవారు. వాళ్ళలో ఒక్కరూ ఆ కేంద్రంలో పనిచేసేవాళ్ళు కారు.

సంఘం సమావేశాల్లో డోనట్లు బాగుండేవి. ఓడెట్ ఎవరో ఒకరి పేరు చెప్పేది. సభ్యులందరూ మెచ్చుకునేవారు.

"అద్భుతమైన అమ్మాయి. కానీ శ్రోతలు ఇంకా సిద్ధంగా లేరు."

"ఎప్పటికి సిద్ధమవుతారు?" అని ఓడెట్ అడిగేది.

"మంచి ప్రశ్న. దాని మీద ఒక ఉపసంఘం వేద్దాం."

చేతులెత్తే వేళకి ఓడెట్ ఒక్కతే అటు, మిగతావాళ్ళంతా ఇటు. సంఘం ఒప్పుకోనిదే కొత్త గొంతు మైకు ముందుకు రాకూడదని నియమం. దానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. చదివే మనిషికి గొంతు పోతే పక్కనున్నవాళ్ళు ఎవరైనా అందుకోవచ్చు. రేడియోలో నిశ్శబ్దం కన్నా పెద్ద నేరం లేదు మరి. ఓడెట్ వాదించి, ఓడిపోయి, డోనట్ ఒకటి చేతిలో పట్టుకుని బయటికొచ్చేది. ఆ వారంలోనే ఆవిడకి గొంతు పట్టేసేది.

లిగాయాకి మైకు అలాగే దొరికింది. అప్పట్లో ఆమె వార్తలు రాసే బల్ల దగ్గర ఉండేది. ఆమె యాస శ్రోతల చెవులకు కష్టమని సంఘం తేల్చిన మూడో రోజున ఓడెట్ దగ్గింది, వేలు చూపించింది. లిగాయా రోడ్ల మీద మంచు గడ్డకట్టిన వార్త చదివింది. అయిపోగానే ఒక ముసలాయన ఫోన్ చేశాడు. "ఎవరా అమ్మాయి? జారి పడతారని అంత శ్రద్ధగా చెప్పింది, నేను బయటికే వెళ్ళలేదు!" తర్వాత అదే బల్ల దగ్గర పనిచేసే గులేద్ ఆటల వార్తలు చదివాడు. ఆ తర్వాత క్రీ అనే అక్కడి ఆదివాసీ జాతి అమ్మాయి డెల్ఫీన్ మూస్, ఉత్తరాన వాళ్ళ సరస్సుల మీద మంచుబాట ఎప్పుడు తెరుస్తారో చెప్పింది. ముగ్గురూ అలాగే నిలదొక్కుకున్నారు. జనం విన్నాక కాదనడానికి సంఘానికి కూడా నోరు రాలేదు.

ఇలా పైకొచ్చినవాళ్ళందరికీ ఓడెట్ గొంతు మీద అపారమైన దయ పుట్టింది. గులేద్ వాళ్ళమ్మ నల్లజీలకర్ర తేనెలో నూరి పంపేది. డెల్ఫీన్ నది ఒడ్డున తవ్విన చేదువేరు తెచ్చి, "మా పాటగాళ్ళు ఇదే నములుతారు కోకుమ్, ఉమ్మెయ్యకూడదు," అనేది. కోకుమ్ అంటే వాళ్ళలో అమ్మమ్మ. లిగాయా అల్లం సరేసరి. ఓడెట్ అన్నీ మింగేది. మింగుతూ మొహం పెట్టే తీరు చూసి, పాపం ఎంత నొప్పో అని అందరూ ఇంకొంచెం ఎక్కువ పోసేవారు.

ఇంతలో టొరంటో నుంచి ప్రెస్టన్ ఆల్డ్రిడ్జ్ అనే కొత్త అధికారి దిగాడు. మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా, మంచులో పనికిరాని బూట్లు.

"గోత్యే గారూ, మీరంటే మాకు గౌరవం. కానీ గొంతు లేని మనిషితో వార్తలెలా చదివిస్తాం? వచ్చే శుక్రవారం నేనే కూర్చుని వింటాను. ఆ రోజు గొంతు పోతే ఇక మీరు విశ్రాంతి తీసుకోవాలి. మైకు నుంచీ, కుర్చీ నుంచీ."

"అలాగే," అంది ఓడెట్, గది కిటికీలు అదిరేలా.

లిగాయాకి అన్నం సయించలేదు. కషాయంలో అల్లం రెట్టింపు చేసింది. శనివారం నాడు తమ్ముడి కొడుకుని హాకీ ఆటకి తీసుకెళ్ళింది. ఆరుబయట గడ్డకట్టించిన మైదానం, సున్నాకి ముప్పై డిగ్రీలు దిగువన చలి, కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. అవతలి గట్టున ఎవరో ఆవిడ రిఫరీని దులిపేస్తోంది.

"ఏమయ్యా! కళ్ళజోడు ఇంట్లో మీ ఆవిడకిచ్చొచ్చావా? ఆ పిల్ల కాలు అడ్డం పెట్టింది కనబళ్ళేదూ?"

రిఫరీ తల దించుకున్నాడు. ఆ గొంతు లిగాయాకి బాగా తెలుసు. చుట్టూ తిరిగి వెళ్ళి ఆవిడ ఎదురుగా నించుంది.

"మేడమ్! మీ గొంతు!"

"దానికేమైంది?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇంత చలిలో ఇంతలా అరిచినా ఏమీ కాలేదు!"

ఓడెట్ అటూ ఇటూ చూసింది. "మెల్లిగా మాట్లాడు పిల్లా. చలిగాలి, గొంతు పోతుంది."

"అయితే నేను మొదటిసారి చదివిన రోజు కూడా..."

"ఛ, ఆ రోజు నిజంగానే దగ్గొచ్చింది. రెండో దగ్గు మాత్రం నాదే." ఆవిడ టోపీ చెవుల మీదికి లాక్కుంది. "నా ఫ్రెంచి యాసకి మొహం చిట్లించే రోజుల్లో ఒకాయన నా పక్కన కూర్చుని ఇలాగే దగ్గాడు. పాపం, ఆయనకి నటన రాదు. నేనే నయం."

లిగాయాకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "ఇన్నేళ్ళు అల్లం చెక్కు తీశానే!"

"ఇన్నేళ్ళు నేను తాగానే! నాకు అల్లమంటే పడి చావదు, తెలుసా?"

"శుక్రవారం మాత్రం దగ్గకండి మేడమ్. మీకు దణ్ణం పెడతా."

"నాకేమన్నా పిచ్చా? దగ్గను."

శుక్రవారం వచ్చింది. ఆ శుక్రవారానికి ఇంకో సంగతి ఉంది. ఐరిస్ థీసెన్ అనే అమ్మాయికి ఉద్యోగం గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది. ఐరిస్‌కి చూపు లేదు. చుక్కల అక్షరాలను వేళ్ళతో తడిమి చదువుతుంది. ఆరు నెలలుగా రోజూ ఆరింటి వార్తలు ముందే అచ్చొత్తుకుని, ఖాళీ గదిలో కూర్చుని తనకు తనే చదువుకునేది. సంఘం ఆమెను కూడా ఎంతో మెచ్చుకుంది, ఉపసంఘం వేసింది. ఆ సాయంత్రం ఓడెట్ ఆమెను పిలిచి, "ఆఖరి రోజు కదా, నా పక్కన కూర్చో. కాగితాలు తెచ్చుకో," అంది.

అద్దం అవతల ప్రెస్టన్ కూర్చున్నాడు. ఇవతల లిగాయా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది.

"శుభసాయంత్రం, నేను ఓడెట్ గోత్యే," అంది ఆవిడ, పేరు ఆఖరి దాకా. లిగాయా ఊపిరి పీల్చుకుంది. ఓడెట్ మొదటి వార్త కాగితం తీసింది. పక్కన ఐరిస్ వేళ్ళు అదే వార్త మీద, అదే మాట దగ్గర ఆగి ఉన్నాయి. ఓడెట్ ఆ వేళ్ళకేసి చూసింది.

తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుంది.

రెండు దగ్గులు. ఐరిస్‌కి వేలు చూపిస్తే లాభం లేదు కాబట్టి భుజం తట్టింది. ఐరిస్ ఒక్క క్షణం కూడా తడబడకుండా అందుకుంది. కాగితం మీద వేళ్ళు కదిలే చప్పుడు సన్నగా మైకులో పడుతుంటే, ఆ రోజు ఊరివాళ్ళు పని మానుకుని విన్నారు. ఫోన్లు ఆగలేదు. ఐరిస్‌ను ఉంచుకోమని ప్రెస్టనే చెప్పాడు. ఆ తర్వాత బాధగా అన్నాడు, "గోత్యే గారూ, మాట మాటే కదా. సోమవారం నుంచి లిగాయా చదువుతుంది."

ఓడెట్ గొంతు పెగల్చుకుని, "మంచి ఎంపిక," అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయింది. ఆదివారం నాడు లిగాయా గులేద్‌కీ, డెల్ఫీన్‌కీ, ఐరిస్‌కీ ఫోన్ చేసి హాకీ మైదానం సంగతి చెప్పింది.

సోమవారం సాయంత్రం ఓడెట్ తన కాఫీ కప్పు, గొడుగు తీసుకుపోవడానికి వచ్చింది. స్టూడియోలో నలుగురూ ఉన్నారు. ఎర్రదీపం వెలిగింది.

"శుభసాయంత్రం, నేను లిగా..." లిగాయా గుండె మీద చెయ్యి వేసుకుంది. రెండు దగ్గులు. గులేద్‌కేసి వేలు చూపించింది.

గులేద్ వంగి, "శుభ..." అన్నాడు. దగ్గాడు. బాగా దగ్గాడు, కాస్త ఎక్కువే దగ్గాడు. డెల్ఫీన్ నోరు తెరిచి మూసింది. ఐరిస్ అయితే దగ్గే ప్రయత్నం కూడా చెయ్యలేదు. తీరిగ్గా గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

రేడియోలో నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు... ప్రెస్టన్ తలుపు తోసుకొచ్చాడు. "ఎవరైనా మాట్లాడండి! ఎవరో ఒకరు!" అని పెదాలతో మొత్తుకుంటూ, గుమ్మంలో కప్పు పట్టుకుని నిలబడ్డ ఓడెట్‌ను తనే చెయ్యి పట్టి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఓడెట్ నలుగురి మొహాలూ చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత మొదలుపెట్టి, వాతావరణం దాకా ఒక్క పొరపాటు లేకుండా, గంట కొట్టినట్టు చదివింది.

దీపం ఆరాక ప్రెస్టన్ అన్నాడు, "మీ గొంతు బాగానే ఉందే!"

"వీళ్ళ కషాయాల మహిమ."

"మరి వీళ్ళ గొంతులకేమైంది?"

"సంఘాన్ని అడగండి. ఉపసంఘం వేస్తారు."

ప్రెస్టన్ నవ్వు ఆపుకోలేక బూట్లకేసి చూశాడు. ఆవిడ కప్పు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టి, టొరంటో విమానం అందుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే నలుగురూ ఒక్కసారి నవ్వడం మొదలుపెట్టారు. ఓడెట్ నవ్వలేదు. అలమర తెరిచి ఫ్లాస్కూ, నల్లజీలకర్ర సీసా, చేదువేరు మూటా బయటికి తీసింది. బల్ల మీద నాలుగు గ్లాసులు వరసగా పెట్టింది.

"పాపం, అందరికీ ఒకేసారి గొంతు పోయింది," అంది. "రండి. నా ఎదుటే తాగాలి. డెల్ఫీన్, వేరు ఉమ్మెయ్యకూడదు. లిగాయా, నీకు అల్లం రెట్టింపు."